లక్ష్యానికి ముందు, లక్ష్యం తరువాత: వన్డే ఓపెనర్ బ్యాటింగ్ చరిత్ర

క్రికెట్‌లో జట్టు ఇన్నింగ్స్‌ను ఆరంభించే ఇద్దరు బ్యాటర్లను ఓపెనర్లు అంటారు. కొత్త బంతి గట్టిగా, నునుపుగా ఉండి గాలిలో ఎక్కువగా వంపు తిరుగుతుంది కనుక, దాని పదును తగ్గేదాకా వికెట్ కాపాడుకుని తరువాత వచ్చేవారికి దారి సుగమం చేయడమే ఓపెనర్ పని అని టెస్టు క్రికెట్ దశాబ్దాల తరబడి నేర్పింది. ఒక్కో జట్టు ఒకే ఇన్నింగ్స్‌ను నిర్ణీత ఓవర్లలో ఆడే పరిమిత ఓవర్ల క్రికెట్ వచ్చాక ఈ పని రెండుగా చీలింది. ముందుగా బ్యాటింగ్ చేసే జట్టు ఎన్ని పరుగులు చేస్తే గెలుస్తుందో తెలియకుండా ఆడుతుంది. తరువాత దిగే జట్టు ఆ సంఖ్యను స్కోరుబోర్డు మీద చూసుకుని ఆడుతుంది. మొదటిది లక్ష్య నిర్దేశం, రెండోది లక్ష్య ఛేదన. ఈ తేడా తొలినాటి నుంచీ ఆట నిర్మాణంలోనే ఉన్నా, ఓపెనర్ల బ్యాటింగ్‌లో స్పష్టంగా కనిపించడానికి చాలా కాలం పట్టింది. అలా కనిపించడంలో ఆటగాళ్ల స్వభావం కంటే ఫీల్డింగ్ నియమాలు, గణన పద్ధతులు, చివరకు బంతుల సంఖ్య పోషించిన పాత్రే పెద్దది.

ఇంగ్లండ్ కౌంటీ జట్లు 1963లో 65 ఓవర్ల జిల్లెట్ కప్‌తోనూ, 1969లో 40 ఓవర్ల సండే లీగ్‌తోనూ ఈ తరహా ఆటకు అలవాటు పడినప్పటికీ, తొలి అంతర్జాతీయ వన్డే నాటికి ఓపెనర్లు టెస్టు బాణీని వదల్లేదు. 1971 జనవరి 5న మెల్‌బోర్న్‌లో, ఓవర్‌కు ఎనిమిది బంతుల చొప్పున 40 ఓవర్లుగా జరిగిన ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 190 పరుగులకు ఆలౌట్ కాగా, అందులో 82 పరుగులు జాన్ ఎడ్రిచ్‌వి. ఆస్ట్రేలియా ఐదు వికెట్ల తేడాతో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఛేదనకు దిగిన బిల్ లారీ, కీత్ స్టాక్‌పోల్ జంట కూడా అదే పద్ధతిలో ఆడింది. అప్పటికి ముందు ఆడే ఓపెనర్‌కూ తరువాత ఆడే ఓపెనర్‌కూ విడివిడి శిక్షణ గానీ, విడివిడి పేర్లు గానీ లేవు. వికెట్ నిలిస్తే పరుగులు వాటంతట అవే వస్తాయన్న నమ్మకం ఇద్దరిదీ.

ఆ నమ్మకం ఛేదనలో ఎంత బలహీనమైనదో తొలి రెండు ప్రపంచకప్‌లు చూపించాయి. 1975 జూన్ 7న లార్డ్స్‌లో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 4 వికెట్లకు 334 పరుగులు చేసింది. ఓపెనర్ డెనిస్ అమిస్ 147 బంతుల్లో 137 పరుగులు చేశాడు. బదులుగా భారత్ 60 ఓవర్లూ ఆడి 3 వికెట్లకు 132 పరుగుల వద్ద ఆగిపోగా, ఓపెనర్ సునీల్ గవాస్కర్ 174 బంతులు ఎదుర్కొని 36 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆ ఇన్నింగ్స్‌ను ఒక వ్యక్తి విచిత్ర ప్రవర్తనగా చెప్పుకోవడం వాడుకైంది గానీ, అంత భారీ లక్ష్యాన్ని ఎలా ముక్కలుగా విభజించుకోవాలో, ఏ ఓవర్‌కు ఎంత స్కోరు ఉండాలో చెప్పే సంప్రదాయమేదీ అప్పటికి ఏర్పడలేదన్న సంగతి కూడా దాని వెనుక ఉంది.

నాలుగేళ్ల తరువాత అదే మైదానంలో జరిగిన ఫైనల్‌లో ఇంగ్లండ్ ఓపెనర్లు చేసిన పొరపాటు మరింత సూక్ష్మమైనది. వివ్ రిచర్డ్స్ అజేయంగా 138, కొలిస్ కింగ్ 86 పరుగులు చేయడంతో వెస్టిండీస్ 9 వికెట్లకు 286 పరుగులు సాధించింది. 287 పరుగుల లక్ష్యంతో దిగిన మైక్ బ్రియర్లీ 64, జెఫ్ బాయ్‌కాట్ 57 పరుగులు చేసి తొలి వికెట్‌కు 129 పరుగులు జోడించారు. టెస్టు కొలమానంలో అది ఘనమైన పునాదే. కానీ దానికి 38 ఓవర్లు ఖర్చయ్యాయి. మిగిలిన 22 ఓవర్లలో ఓవర్‌కు ఏడుకు పైగా పరుగులు కావలసిరాగా, తరువాత వచ్చినవారు తొలి బంతి నుంచే బ్యాట్ ఊపక తప్పలేదు. చివరి ఎనిమిది వికెట్లు 11 పరుగుల వ్యవధిలో కూలి ఇంగ్లండ్ 194కు ఆలౌటైంది. మొదట బ్యాటింగ్ చేసే జట్టులో నెమ్మదైన శతక భాగస్వామ్యం కొన్ని పరుగులను మాత్రమే పోగొడుతుంది. ఛేదనలో అదే భాగస్వామ్యం తరువాత వచ్చేవారి మీద అప్పును మోపుతుంది. గెలవడానికి మిగిలిన ఓవర్లలో ఓవర్‌కు ఎన్ని పరుగులు కావాలో చెప్పే అంకెను అవసరమైన రన్‌రేట్ అంటారు. ఛేదనలో ఓపెనర్ పనితీరును తన స్కోరుతో గాక, తాను వెళ్లిపోయేనాటికి ఈ అంకె ఎక్కడుందో చూసి తూచవలసి ఉంటుందన్నది ఆ ఫైనల్ నేర్పిన పాఠం.

చిన్న లక్ష్యానికీ దాని ప్రమాదం దానికుంది. 1983 ప్రపంచకప్ ఫైనల్‌లో భారత్ 183 పరుగులకే ఆలౌటైనప్పుడు, ఓపెనర్ కృష్ణమాచారి శ్రీకాంత్ 57 బంతుల్లో చేసిన 38 పరుగులే ఆ మ్యాచ్ మొత్తంలో అత్యధిక వ్యక్తిగత స్కోరు. ఎన్ని సరిపోతాయో తెలియని స్థితిలో, కఠినమైన పిచ్ మీద, దొరికిన బంతినల్లా కొట్టిన బ్యాటింగ్ అది. అటు 184 పరుగుల లక్ష్యం తెలిసిన వెస్టిండీస్ ఓపెనర్లలో గోర్డన్ గ్రీనిడ్జ్ బల్వీందర్ సంధూ బంతిని వదిలేయబోయి బౌల్డై ఒకే పరుగుకు, డెస్మండ్ హేన్స్ 13 పరుగులకు వెనుదిరగగా, జట్టు 140కే ముగిసింది.

నియమాల మార్పు ఈలోగానే మొదలైంది. కెర్రీ ప్యాకర్ ప్రపంచ సిరీస్ క్రికెట్ ఆస్ట్రేలియాలో ఫ్లడ్‌లైట్లను, తెల్ల బంతిని ప్రచారంలోకి తెచ్చిన కొద్దికాలానికే, 1980-81 సీజన్‌లో అక్కడి వన్డేల్లో పిచ్ చుట్టూ గీసిన వలయం అమల్లోకి వచ్చింది. నిర్ణీత సంఖ్యలో ఫీల్డర్లు ఈ వలయం లోపలే ఉండాలన్న నిబంధన వల్ల, ఫీల్డర్లందరినీ బౌండరీ గీత వద్దకు పంపి పరుగులు అడ్డుకునే అవకాశం కెప్టెన్లకు తగ్గిపోయింది. 1992 ప్రపంచకప్ నాటికి మొదటి 15 ఓవర్లలో ఇద్దరు ఫీల్డర్లకు మించి వలయం బయట ఉండరాదన్న నియమం ప్రపంచ వేదిక ఎక్కింది. కొత్త బంతి ప్రమాదకరమైన కాలమే పరుగులకు అనువైన కాలంగా కూడా మారడంతో, ఓపెనర్ పదవికి ఉన్న పాత నిర్వచనం అక్కడి నుంచి చెదిరిపోయింది.

ఆ నియమానికి ముందే మొదలైన ఈ పరివర్తనను ఒక్క ఆటగాడి జీవితంలోనే చూడాలంటే మళ్లీ గవాస్కర్ వద్దకే రావాలి. 1987 అక్టోబర్ 31న నాగపూర్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లో న్యూజిలాండ్ 221 పరుగులు చేసినప్పుడు, గ్రూపులో అగ్రస్థానం దక్కాలంటే భారత్ గెలిస్తే చాలదు, ఓవర్లు మిగుల్చుకుని గెలవాలి. గవాస్కర్ 88 బంతుల్లో 103 పరుగులతో అజేయంగా నిలవగా, శ్రీకాంత్‌తో తొలి వికెట్‌కు 136 పరుగులు వచ్చాయి, 32.1 ఓవర్లలో ఒకే వికెట్ కోల్పోయి భారత్ పని ముగించింది. వన్డేల్లో ఆయన చేసిన ఏకైక శతకం ఇదే. లార్డ్స్‌లోనూ నాగపూర్‌లోనూ ఆయన ఛేదించే ఓపెనరే. రెండోసారి లక్ష్యం అందుబాటులో ఉండటంతోపాటు, దాన్ని ఎప్పటిలోగా చేరాలో కూడా ఆయన ముందు స్పష్టంగా ఉంది.

1992 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ గాయపడిన జాన్ రైట్ స్థానంలో మార్క్ గ్రేట్‌బ్యాచ్‌ను ఓపెనర్‌గా దింపి, వలయం లోపలి ఫీల్డర్ల మీదుగా బంతిని లేపి కొట్టే పనిని అతనికి అప్పగించింది. 1994 మార్చి 27న ఆక్లాండ్‌లో భారత ఓపెనర్ నవజ్యోత్ సిద్ధూ మెడ పట్టేయడంతో ఆడలేకపోగా, హైదరాబాద్‌కు చెందిన కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్, మేనేజర్ అజిత్ వాడేకర్ కలిసి సచిన్ తెందుల్కర్‌ను ఓపెనర్‌గా పంపారు. 143 పరుగుల స్వల్ప లక్ష్య ఛేదనలో ఆయన 49 బంతుల్లో 82 పరుగులు చేశాడు. భారత వన్డే బ్యాటింగ్ స్వరూపాన్ని మార్చిన నిర్ణయం ఒక చిన్న లక్ష్యం కల్పించిన వెసులుబాటులో ఫలించింది.

1996 ప్రపంచకప్‌లో శ్రీలంక ఈ పద్ధతిని వ్యవస్థగా మలిచింది. మార్చి 2న ఢిల్లీలో తెందుల్కర్ 137 పరుగుల సాయంతో భారత్ 3 వికెట్లకు 271 పరుగులు చేయగా, సనత్ జయసూర్య, రొమేష్ కలువితరణ జంట తొలి మూడు ఓవర్లలోనే 42 పరుగులు రాబట్టింది. మనోజ్ ప్రభాకర్ 4 ఓవర్లలో 47 పరుగులు ఇచ్చి, చివరకు తన మీడియం పేస్ వదిలి ఆఫ్‌స్పిన్ వేయవలసి వచ్చింది. ఆరంభంలో వచ్చిన ఆ మిగులు పరుగుల వల్ల మధ్య ఓవర్లలో శ్రీలంక తొందరపడకుండా ఆడి గెలిచింది. 1979లో ఇంగ్లండ్ ఓపెనర్లు తరువాతివారికి అప్పు మిగిల్చారు. 1996లో శ్రీలంక ఓపెనర్లు నిల్వ మిగిల్చారు. అయితే ఈ పద్ధతి ఓపెనర్లు విఫలమైనా కూలని విధంగా కూర్చినది. లాహోర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేసిన 241 పరుగుల ఛేదనలో ఓపెనర్లిద్దరూ 23 పరుగులలోపే అవుటైనా, అరవింద డిసిల్వా అజేయంగా 107 పరుగులు చేసి గెలిపించాడు. ప్రపంచకప్ ఫైనల్‌లో రెండోసారి బ్యాటింగ్ చేసిన జట్టు నెగ్గడం అదే మొదలు.

ఈ అనుభవాన్నే గణితం సూత్రీకరించింది. వర్షం వల్ల ఓవర్లు తగ్గినప్పుడు లక్ష్యాన్ని సవరించేందుకు ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ రూపొందించిన పద్ధతి 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో తొలిసారి అంతర్జాతీయంగా అమలైంది. జట్టు చేతిలో మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు రెండూ కలిసి వనరులవుతాయనీ, ఏ ఒక్కదాన్నీ విడిగా లెక్కించరాదనీ దాని మూలసూత్రం. ఓపెనర్ల చర్చకు ఇది కొత్త భాషనిచ్చింది. 1979లో బ్రియర్లీ, బాయ్‌కాట్ వికెట్లనే వనరుగా భావించి ఓవర్లను ధారపోశారని ఇప్పుడు చెప్పవచ్చు. అంతేగాక, వాన మబ్బులు కనిపిస్తున్నప్పుడు ఛేదించే ఓపెనర్ అసలు లక్ష్యంతోపాటు, ఆ క్షణాన ఆట ఆగిపోతే గెలవడానికి కావలసిన స్కోరును కూడా గమనించాలి. వికెట్ పడిన ప్రతిసారీ ఆ స్కోరు పెరుగుతుంది కనుక అతని వికెట్‌కు ఆ లెక్కలో నేరుగా ఒక ధర ఏర్పడింది. ముందు ఆడే ఓపెనర్‌కు ఈ రెండో లెక్క ఉండదు.

రెండు పాత్రలనూ ఒకే ఓపెనర్‌లో, ఒకే నగరంలో పోల్చి చూసే అవకాశం హైదరాబాద్ కల్పించింది. 1999 నవంబర్ 8న లాల్‌బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద భారత్ ముందుగా బ్యాటింగ్ చేసినప్పుడు, సౌరవ్ గంగూలీ ఆరంభంలోనే రనౌట్ కాగా, తెందుల్కర్ రాహుల్ ద్రవిడ్‌తో కలిసి రెండో వికెట్‌కు 331 పరుగులు జోడించాడు. తెందుల్కర్ 150 బంతుల్లో 186 పరుగులతో అజేయంగా మిగిలాడు. ద్రవిడ్ 153 పరుగులు చేయగా జట్టు స్కోరు 2 వికెట్లకు 376కు చేరింది. అక్కడ వికెట్ పడగానే నిలదొక్కుకోవడానికి కావలసినంత కాలం తెందుల్కర్‌కు ఉంది; ఆ తరువాత వేగం పెంచడానికి పై హద్దంటూ లేదు. ఆ మ్యాచ్‌ను భారత్ 174 పరుగుల తేడాతో గెలిచింది.

పదేళ్ల తరువాత, 2009 నవంబర్ 5న ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ స్టేడియంలో ఆస్ట్రేలియా 4 వికెట్లకు 350 పరుగులు చేసింది. 351 పరుగుల లక్ష్యంతో దిగిన తెందుల్కర్ 141 బంతుల్లో 175 పరుగులు చేశాడు. 1999 నాటి వేగానికి ఇది మరీ దూరం కాకపోయినా, ఇన్నింగ్స్ అల్లిక మాత్రం వేరు. ఓవర్‌కు ఏడు పరుగులన్న షరతు మొదటి బంతి నుంచే తల మీద ఉండగా, అవతలి వైపు వికెట్లు పడుతున్నా ఆయన ఆగి సర్దుకునే వీలు లేదు. సురేశ్ రైనాతో ఐదో వికెట్‌కు నెలకొల్పిన భాగస్వామ్యంలో కూడా ఆ షరతు సడలలేదు. గెలుపుకు 19 పరుగులు, మూడు ఓవర్ల లోపు బంతులు మిగిలి ఉండగా, క్లింట్ మెకే నెమ్మదిగా వేసిన బంతిని షార్ట్ ఫైన్‌లెగ్ మీదుగా తిప్పబోయి ఆయన క్యాచ్ ఇచ్చాడు. భారత్ 347కు ఆలౌటై మూడు పరుగుల తేడాతో ఓడింది. ముందు ఆడేటప్పుడు 175 వద్ద అవుటైన ఓపెనర్‌ను పని పూర్తి చేసినవాడిగానే పరిగణిస్తారు. ఛేదనలో అదే స్కోరు వద్ద అవుటైనవాడికి పని మిగిలిపోయిందన్న మాట తప్పదు.

ముందు ఆడే ఓపెనర్‌కు పై హద్దు లేదన్న సంగతికి వన్డే ద్విశతకాల చరిత్రే బలమైన సాక్ష్యం. 2010 ఫిబ్రవరి 24న గ్వాలియర్‌లో దక్షిణాఫ్రికా మీద తెందుల్కర్ పురుషుల వన్డేల్లో తొలిసారి 200 పరుగులు చేశాడు. అక్కడి నుంచి 2024 ఫిబ్రవరిలో శ్రీలంక ఆటగాడు పథుమ్ నిస్సంక అఫ్గానిస్తాన్ మీద అజేయంగా చేసిన 210 వరకు ఈ మైలురాయిని పన్నెండుసార్లు చేరుకోగా, వాటిలో పదకొండు ఓపెనర్లవి. ఆ పదకొండూ ముందుగా బ్యాటింగ్ చేసినప్పుడు వచ్చినవే. వీరేంద్ర సెహ్వాగ్ ఇండోర్‌లో చేసిన 219, రోహిత్ శర్మ 2014లో ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 264, 2023 జనవరి 18న ఉప్పల్‌లో శుభ్‌మన్ గిల్ చేసిన 208 ఈ వరుసలోవే. ఛేదనలో వచ్చిన ఒకే ఒక్క ద్విశతకం 2023 ప్రపంచకప్‌లో అఫ్గానిస్తాన్ మీద గ్లెన్ మ్యాక్స్‌వెల్ చేసిన అజేయ 201. అతను ఓపెనర్ కాదు, మధ్య వరుస బ్యాటర్. మహిళల క్రికెట్‌లో కూడా 1997లో డెన్మార్క్ మీద బెలిండా క్లార్క్ చేసిన అజేయ 229, 2018లో ఐర్లండ్ మీద అమేలియా కెర్ చేసిన అజేయ 232 ముందు ఆడిన ఓపెనర్లవే. హైదరాబాద్‌కు చెందిన మిథాలీ రాజ్ 1999లో ఐర్లండ్ మీద తన తొలి వన్డేలో ఓపెనర్‌గా అజేయంగా 114 పరుగులు చేసి, రేష్మా గాంధీతో కలిసి జట్టును వికెట్ పడకుండా 258కి చేర్చినది కూడా ముందు బ్యాటింగ్‌లోనే.

ఛేదించే ఓపెనర్ తక్కువవాడు కావడం దీనికి కారణం కాదు. అతని పరుగులకు ప్రత్యర్థి స్కోరే పైకప్పు. 2011 ఏప్రిల్ 11న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ నిర్దేశించిన 230 పరుగుల లక్ష్యాన్ని ఆస్ట్రేలియా 26 ఓవర్లలో ఛేదించినప్పుడు షేన్ వాట్సన్ 96 బంతుల్లో 185 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఇంకా 24 ఓవర్లు మిగిలే ఉన్నా, చేయవలసిన పరుగులు మాత్రం మిగల్లేదు. భాగస్వామ్యాలకూ ఇదే వర్తిస్తుంది. 2017లో కింబర్లీలో హషీమ్ ఆమ్లా, క్వింటన్ డికాక్ బంగ్లాదేశ్ మీద 279 పరుగుల లక్ష్యాన్ని వికెట్ పడకుండా ఛేదించి 282 వద్ద ఆగక తప్పలేదు. 2019లో డబ్లిన్‌లో ఐర్లండ్ మీద ముందుగా ఆడిన జాన్ క్యాంప్‌బెల్, షై హోప్ జంటకు అలాంటి అడ్డు లేక తొలి వికెట్ భాగస్వామ్యం 365 దాకా సాగింది.

పైకప్పు లేకపోవడం ముందు ఆడే ఓపెనర్‌కు వరమే అయినా, ఎక్కడ ఆగితే సరిపోతుందో తెలియకపోవడం దాని మరో ముఖం. ఉప్పల్‌లో గిల్ 208 పరుగులు చేసినప్పుడు జట్టులో మరెవరూ 34 దాటలేదు; భారత్ 349 పరుగులు చేసినా, ఏడో స్థానంలో వచ్చిన మైఖేల్ బ్రేస్‌వెల్ 78 బంతుల్లో 140 పరుగులు చేయడంతో న్యూజిలాండ్ 337 దాకా వచ్చింది. గిల్ చివరి ఓవర్లలో కొట్టిన సిక్సర్లు వ్యక్తిగత మైలురాయి కోసమేనని ఆ సమయంలో ఎవరైనా అనుకుని ఉండవచ్చు; 12 పరుగుల గెలుపు తేడా వాటి అసలు విలువను ఆ రాత్రే తేల్చింది. 2006 మార్చి 12న జోహన్నెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా 434 పరుగులు చేసి కూడా ఓడిపోవడం దీనికి పరాకాష్ఠ. ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఓపెనర్ సైమన్ కాటిచ్ 90 బంతుల్లో 79 పరుగులు చేసి ఒక వైపు నిలబడ్డాడు. ఛేదనలో దక్షిణాఫ్రికా ఓపెనర్ గ్రేమ్ స్మిత్ 55 బంతుల్లోనే 90 పరుగులు చేశాడు. అసాధ్యమనిపించే లక్ష్యం స్మిత్‌ను సందేహం నుంచి విముక్తుణ్ని చేసింది. కాటిచ్‌కు తన వేగం చాలదని తెలిపే ఆధారమేదీ ఆ సమయానికి లేదు.

2005 తరువాత ఈ రెండు పాత్రల ఆరంభాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఫీల్డింగ్ ఆంక్షలున్న ఓవర్లను పవర్‌ప్లే అని పిలవడం 2005లో మొదలై, పలు సవరణల తరువాత మొదటి పది ఓవర్లకు స్థిరపడింది. 2011 అక్టోబర్ నుంచి 2025 మధ్య దాకా ఇన్నింగ్స్ పొడవునా రెండు వైపుల నుంచీ వేర్వేరు కొత్త బంతులు వాడటంతో, బంతి పాతబడితే అందే రివర్స్ స్వింగ్ తగ్గింది. నిలదొక్కుకున్న ఓపెనర్‌కు చివరి ఓవర్లు మరింత లాభదాయకమయ్యాయి. డే-నైట్ మ్యాచ్‌లలో రాత్రి కురిసే మంచుకు బంతి తడిసి బౌలర్ల పట్టు జారడం ఛేదనకు అనుకూలించే మరో అంశమైంది. ఇరవై ఓవర్ల క్రికెట్ ఈ సామీప్యాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఓపెనర్లు ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఏప్రిల్ 20న ఢిల్లీలో ముందుగా ఆడుతూ మొదటి ఆరు ఓవర్లలో వికెట్ పడకుండా 125 పరుగులు చేశారు. మే 8న ఉప్పల్‌లో లక్నో నిర్దేశించిన 166 పరుగుల లక్ష్యాన్ని 9.4 ఓవర్లలోనే, వికెట్ పడకుండా ముగించారు. స్కోరుబోర్డు చూడకుండా ఈ రెండు ఆరంభాల్లో ఏది నిర్దేశమో, ఏది ఛేదనో చెప్పడం కష్టం.

అయినా యాభై ఓవర్ల ఆటలో, పవర్‌ప్లే ముగిశాక తేడా మళ్లీ తలెత్తుతుంది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌లో భారత ఓపెనర్ రోహిత్ శర్మ, ఆస్ట్రేలియా ఓపెనర్ హెడ్ ఇద్దరూ ధాటిగానే ఆరంభించారు. ముందుగా ఆడిన రోహిత్ 31 బంతుల్లో 47 పరుగులు చేసి, మరో భారీ షాట్‌కు ప్రయత్నించి అవుటయ్యాడు; ఎన్ని పరుగులు సరిపోతాయో తెలియని జట్టులో ఆ ప్రయత్నాన్ని తప్పుపట్టడం కష్టమే. 241 పరుగుల లక్ష్యం తెలిసిన హెడ్, జట్టు 47 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయాక, మార్నస్ లబుషేన్‌తో 192 పరుగులు జోడించి 120 బంతుల్లో 137 పరుగులు చేశాడు. 110 బంతుల్లో అజేయంగా 58 పరుగులు చేసిన లబుషేన్ నెమ్మది ఆ రోజు భారం కాలేదు. లక్ష్యం చిన్నది కావడమూ, హెడ్ అవసరమైన రన్‌రేట్‌ను పెరగనివ్వకపోవడమూ ఆ నెమ్మదికి చోటిచ్చాయి. ఎంత నెమ్మది తగునో ముందుగానే కొలుచుకోగలగడం ఛేదించే జట్టుకు మాత్రమే ఉన్న సౌలభ్యం.

ఓపెనర్లను పోల్చేటప్పుడు సగటులు, స్ట్రయిక్ రేట్లు మాత్రమే చూస్తే ఈ చరిత్ర అంతా కనుమరుగవుతుంది. ముందు ఆడినవారి స్కోర్లు సహజంగానే పొడవుగా ఉంటాయి కనుక రికార్డుల పట్టికల్లో వారిదే పైచేయి. ఛేదించినవారి స్కోర్లను ఎదుటి జట్టు స్కోరు ముందే కత్తిరించి ఉంటుంది. అందువల్ల మొదటివారి ఇన్నింగ్స్‌ను ఆ తరువాత ప్రత్యర్థి చేసిన పరుగులతోనూ, రెండోవారి ఇన్నింగ్స్‌ను వారు వెనుదిరిగేనాటికి మిగిలిన పరుగులు, బంతులు, వికెట్లతోనూ కలిపి చదవడమే న్యాయమైన పద్ధతి. ఆ పద్ధతిలో చూస్తే 1979 నాటి 129 పరుగుల భాగస్వామ్యం ఓటమికి కారణంగానూ, 1996లో ఢిల్లీలో మూడు ఓవర్లలో వచ్చిన 42 పరుగులు గెలుపుకు మూలంగానూ కనిపిస్తాయి. పట్టికలు మాత్రం మొదటిదాన్నే పెద్దదిగా చూపుతాయి.